సర్వర్ సారు చెప్పలేకపోయిన మాట

సర్వర్ సారు పోయారని ఆయన భార్య, మేమంతా ఆంటీ అనే ఆమె, ఫోన్ చేసినప్పుడు నేను కౌంటర్లో ఒక తండ్రికి టోకెన్ రాసిస్తున్నాను. పొద్దున టిఫిన్ తిన్నాక కుర్చీలోనే పోయారని, నొప్పేమీ పడలేదని ఆంటీ చెప్పారు. వస్తున్నానని చెప్పి పెట్టేశాను. ఆ తండ్రి టోకెన్ నా ముందుకు జరిపి, నంబరు సగమే రాశానని వేలితో చూపించాడు. మిగతా సగం రాయడానికి వాళ్లబ్బాయి నంబరు మళ్లీ అడగాల్సి వచ్చింది.

మాది రాంగోపాల్‌పేట్‌లో ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రం. తలసేమియా ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. ఏళ్ల తరబడి ఎక్కించుకున్న పిల్లల్లో కొందరికి గ్రూపు కలిసినా అన్ని రక్తాలూ పడవు. ఎవరికి ఏది పడదో, కిందటిసారి ఎక్కించినప్పుడు ఏం జరిగిందో ఆ వివరాలన్నీ ఒక వెబ్ అప్లికేషన్లో ఉంటాయి. దాన్ని నడిపించే సర్వరు మా దగ్గర లేదు, ఒక కంపెనీ నుంచి అద్దెకు తీసుకున్నది. దాని బాగోగులు చూసుకునే మనిషి మాత్రం మా దగ్గర ఒక్కరే ఉండేవారు. మెట్ల పక్కన, కిటికీ లేని గదిలో.

పేరుతో ఆయన్ను పిలిచిన వాళ్లు తక్కువ. డాక్టర్ మేడమ్ దగ్గర్నుంచి పిల్లల తల్లుల దాకా అందరికీ సర్వర్ సారే. కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన ఆ మాట విని, ఈయన హోటళ్లలో ఉండే సర్వరే అనుకుని రెండు చాయ్ తెమ్మన్నాడు. సారు లేచి వెళ్లి, వీధి మలుపు దాకా నడిచి, రెండు చాయ్ తెచ్చి ఆయన చేతికిచ్చారు. తర్వాత నిజం తెలిసి ఆ పెద్దాయన సిగ్గుతో కుంచించుకుపోతుంటే, "చల్లారిపోతుంది, తాగండి" అన్నారంతే.

సారుది కోస్తా నుంచి తాతల కాలంలోనే వచ్చి బొల్లారంలో స్థిరపడిన కుటుంబం. మాటలో ఆ మర్యాద అలాగే ఉండిపోయింది. ఫోనెత్తితే హలో అనేవారు కాదు. "చెప్పండి, స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది?" అనేవారు. ఆంటీ ఇంటి నుంచి కూరగాయల సంగతి అడగడానికి చేసినా మొదట అదే ప్రశ్న.

నేను చేరిన మొదటి వారంలోనే ఆయన గదికి పరిగెత్తుకుంటూ వెళ్లి, సార్, పనిచేస్తలేదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నన్ను కూర్చోమన్నారు.

"పనిచేయట్లేదు అనేది నీ బాధ అమ్మా. ఎర్రర్ వేరే ఉంటుంది. వెళ్లి అది చదువుకుని రా."

వెళ్లి చూసి వచ్చాను. ఐదువందలు అని ఒక నంబరు, దాని కింద రెండు ఇంగ్లిషు ముక్కలు. తప్పు మన కంప్యూటర్లో లేదు, అవతల సర్వర్లోనే ఏదో జరిగిందని దాని అర్థం అన్నారు. సర్వరు తనకు జరిగిందంతా వరుసగా రాసుకునే ఫైలు ఒకటుంటుంది, దాన్ని లాగ్ అంటారని చెప్పి తెరిచి చూపించారు. వందల లైన్లు. నా కళ్లు సహజంగానే చిట్టచివరి లైను మీదికి పోయాయి. ఆయన వేలితో తెరను పైకి, ఇంకా పైకి జరిపారు. కిందున్న వాళ్లంతా ఏడ్చేవాళ్లేనని, మొదట దెబ్బ తిన్నవాడు పైన ఎక్కడో ఉంటాడని, వాడిని పట్టుకోవాలని అన్నారు. వాడిని పట్టుకున్నాక చర్చిలో వాక్యం చదివే గొంతుతో ఆ లైను పైకి చదివేవారు, ప్రతి ముక్కా విడదీసి. సగం సార్లు అలా చదువుతుండగానే కారణం తట్టేది.

ఊరికే ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఆయనకు నచ్చదు. అలా చేస్తే తప్పు దాక్కుంటుంది తప్ప పోదనేవారు. తప్పనిసరైతే మాత్రం ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవారు. తర్వాత ప్రతి కౌంటర్ దగ్గరికీ స్వయంగా వచ్చి, "అమ్మా, రెండు నిమిషాలు" అని చెప్పి, మేం టైపు చేయడం ఆపేదాకా నిలబడేవారు. అయిపోయాక మళ్లీ వచ్చి చెప్పేవారు. బాగైందా సార్ అని అడిగితే ఎన్నడూ బాగైంది అనలేదు. ప్రస్తుతానికి నడుస్తుంది అనేవారు.

రక్తపు సంచులు వచ్చే అట్టపెట్టెలను పారేయనిచ్చేవారు కాదు. వాటి లోపలి తెల్లటి వైపును కత్తెరతో పోస్టుకార్డు సైజుకు కత్తిరించుకుని, వాటి మీదే రాసుకునేవారు. ఏ రోజు ఏ ఎర్రర్ వచ్చింది, దేనివల్ల, ఏం చేస్తే పోయింది. రెండు సొరుగుల నిండా ఆ అట్టలే.

నాకు గుర్తున్నంతలో ఆయన్ను నిజంగా దిగులుపెట్టింది ఎర్రర్లు కాదు, అప్‌గ్రేడ్లు. మన అప్లికేషన్ పాత పునాది మీద నిలబడి ఉందని, దాన్ని తయారుచేసినవాళ్లు ఇక దాన్ని పట్టించుకోరని, అద్దెకిచ్చిన కంపెనీ కూడా ఏదో ఒక రోజు కొత్తది పెట్టేస్తుందని, ఆ రోజు మనది లేచి నిలబడదని ఆయన చాలా ముందే కనిపెట్టారు. ట్రస్టు కార్యదర్శికి మూడుసార్లు ఉత్తరం రాశారు. కార్యదర్శి చెడ్డవాడేం కాదు. రిటైరైన ఆఫీసరు, పిల్లలంటే ప్రాణం. నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి, ఏమన్నా అయితే పిల్లలు ఇబ్బంది పడతారు కదా అన్నాడు. కార్యదర్శి గదిలోంచి బయటికొచ్చాక సారు నాతో, "మనమే ఒక రోజు చూసుకుని చేస్తే అది పని. దానంతటది జరిగితే ప్రమాదం. అంతే తేడా అమ్మా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. చెప్పాల్సింది చెప్పడం అయిపోయిన మనిషి గొంతు.

అప్పటి నుంచి నాకు నేర్పిస్తానని మొదలుపెట్టారు. అప్‌గ్రేడ్ రోజున ఏం చేయాలో ఒకసారి రిహార్సల్ చేద్దాం, సాయంత్రం ఒక్క గంట కూర్చో అన్నారు. ఆరు దాటితే నేరేడ్‌మెట్ బస్సులో కాలు పెట్టే చోటుండదు. వచ్చే వారం సార్ అన్నాను. ఆ తర్వాతి వారం మా అత్తమ్మకు జ్వరం. ఆ తర్వాత ఏదో పెళ్లి. ఆయన బలవంతపెట్టే మనిషి కాదు. ప్రతి సోమవారం నా కౌంటర్ ముందు ఒక్క క్షణం ఆగేవారు, నేను ముఖం అదోలా పెడితే నవ్వి వెళ్లిపోయేవారు.

ఒక ఆదివారం ఉదయం చర్చికి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకోవడానికి వంగి, మళ్లీ లేవలేకపోయారు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కుడి చేయి, కుడి కాలు సగం పనిచేస్తున్నాయి. మాట మాత్రం పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుందని, తను చెప్పాలనుకున్నదానికి మాట దొరకదని డాక్టర్లు ఆంటీకి చెప్పారు.

నేను మొదటిసారి చూడబోయినప్పుడు ఆయన దగ్గర మిగిలింది ఒకే మాట. "అదే." మంచినీళ్లకూ అదే, ఫ్యాను వేయడానికీ అదే, నన్ను గుర్తుపట్టి సంతోషించడానికీ అదే. ఆశ్చర్యమేమిటంటే, ఆంటీ పాట ఎత్తుకుంటే కీర్తన మొత్తం తప్పు లేకుండా పాడేవారు. పాట అయిపోగానే మళ్లీ ఖాళీ. అంతసేపు అన్ని మాటలు ఆ నోట్లోంచి వచ్చి, ఒక్క మంచినీళ్లు అనే మాట రాకపోతే పక్కన కూర్చున్నవాళ్లకు ఏం చేయాలో తెలియదు. నేను దుప్పటి అంచు సర్దుతూ కూర్చున్నాను.

ఇది జరిగిన రెండు నెలలకు, ఒక సోమవారం పొద్దున మా తెరలన్నిటి మీదా అదే ఐదువందల నంబరు వచ్చింది.

బెంచీల నిండా పిల్లలు. నేను కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. అటువైపు అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. సర్వర్ బ్రహ్మాండంగా ఉందట. ముందే తెలియజేసినట్టుగా కొత్త వెర్షనుకు మార్చారట. దాని మీద మా అప్లికేషన్ లేవకపోతే అది మేమే చూసుకోవాలట. ఎవరికి తెలియజేశారమ్మా అని అడిగితే ఒక ఈమెయిల్ అడ్రసు చదివింది. అది సారుది. ఆయన మెయిలును ఈ రెండు నెలల్లో ఎవరమూ తెరవలేదు. తెరవాలని ఎవరికీ తట్టలేదు.

అప్లికేషన్ రాసింది ఏనాటివో కాలేజీ విద్యార్థులు, ఇప్పుడెక్కడున్నారో తెలియదు. సొరుగులు తెరిచి అట్టలన్నీ బల్ల మీద పరిచాను. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ అన్నీ పొడి అక్షరాలు, బాణం గుర్తులు, ఆయనకు మాత్రమే తెలిసిన కురచ పేర్లు. రెండు గంటలు చూసినా నాకు ఒక్క అట్టా పలకలేదు. వాటిని ఎలా చదవాలో నేర్చుకోవడానికి నాకు ఎన్నో సోమవారాలు ఇచ్చారాయన.

మామూలు పిల్లలకు డాక్టర్ మేడమ్ అప్పటికప్పుడు పరీక్షలు చేసి రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. ఇబ్బందల్లా కొన్ని రక్తాలు పడని పిల్లలతోనే. వివరాలు లేకుండా వాళ్లకు సూది గుచ్చేది లేదన్నారు మేడమ్. వాళ్లలో సిద్దిపేట వైపు నుంచి వచ్చే తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి. అప్పటికే పెదాలు తెల్లబడి, తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఉంది. తల్లి నా కౌంటర్ దగ్గరికొచ్చింది.

"మా పిల్లకు ఏ రక్తం పడదో మీరే రాసుకున్నరు గద మేడం. గది ఏడ వోయింది?"

"ఏడికి వోలేదమ్మా. లోపల్నే ఉన్నది. తెరుచుకుంటలేదు."

ఆమె నా కంప్యూటరు వైపు చూసింది. "మరి ఎవరు తెరుస్తరు?"

జవాబు నాకు తెలుసు. ఆ జవాబు బొల్లారంలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

లాగ్ పైభాగం ప్రింటు తీసుకుని ఆటో ఎక్కాను. తిరుమలగిరి దాటేదాకా నేను చేస్తున్నది తప్పేమోనని అనిపిస్తూనే ఉంది. ఆంటీ గుమ్మంలోనే సంగతి విని ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆయనకు బీపీ పెరుగుతుందేమోనని భయం. పిల్లల సంగతి చెప్పాక పక్కకు తొలిగి దారిచ్చారు.

కాగితం ఆయన ఒళ్లో పెట్టి, సార్, అప్‌గ్రేడ్ అయిపోయింది అన్నాను. ఆయన కళ్లజోడు కోసం వెతికారు. ఆంటీ పెట్టారు. ఎడమ చేతి వేలు పై లైను నుంచి మెల్లగా కిందికి దిగుతూ, నాలుగో లైను దగ్గర ఆగింది. ఆ ముఖంలో వెలుగు చూశాను. రెండు నెలల తర్వాత మొదటిసారి మా సారు ఆ కుర్చీలో కూర్చున్నారు.

"అదే!" అన్నారు. "అదే... పా..."

నేను ముందుకు వంగాను.

"పా... పా... పాలు."

ఆంటీ లోపలికెళ్లి గ్లాసుతో పాలు తెచ్చారు. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ పాలు. తన నోట్లోంచి ఏం వస్తుందో తనకు వినబడుతూనే ఉంది, అదే ఘోరం. గ్లాసును మోచేత్తో తోసేశారు. జీవితంలో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి కుర్చీ చేతిని దబదబా బాదారు. నేను పెన్ను ఇచ్చాను. ఎడమ చేత్తో కాగితం వెనక ఒక డబ్బా గీశారు. పక్కన ఇంకో డబ్బా. మొదటిదాని నుంచి రెండోదానికి బాణం. రెండో డబ్బా మీద పెన్ను పెట్టి గుచ్చి గుచ్చి చూపించారు, కాగితం చిరిగేదాకా. నేను తెలిసిన ప్రశ్నలన్నీ అడిగాను. బ్యాకప్పా? పాస్‌వర్డా? వేరే కంప్యూటరా? ప్రతిదానికీ నా ముఖంలోకి చూసి, నాకు అందలేదని తెలుసుకుని, మళ్లీ ఆ డబ్బా మీదే గుచ్చారు. చివరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆంటీ వచ్చి ఆయన చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. నేను చిరిగిన కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

రెండో రోజు ఆ పిల్లకు ఆయాసం మొదలైంది. కొత్తగా పంపిన పరీక్షల ఫలితం ఇంకా రాలేదు. మేడమ్ అంబులెన్సు పిలిపించి పెద్దాసుపత్రికి పంపారు. ఆ పిల్ల బతికింది. వారం తర్వాత వచ్చినప్పుడు తల్లి చేతిలో ఒక నోట్‌బుక్కు ఉంది. కంప్యూటర్లో ఎక్కించే ప్రతి ముక్కా అందులో కూడా రాసిమ్మంది. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా రాయించుకుంటుంది, రాసింది ఇంకొకరితో చదివించుకుని సరిచూసుకుంటుంది.

మూడో రోజు మా దగ్గరికొచ్చే ఒక తండ్రి, తను డ్రైవరుగా పనిచేసే ఇంటి అమ్మాయిని బతిమాలి తీసుకొచ్చాడు. ఎక్కడో పెద్ద కంపెనీలో ఇంజనీరట. ముప్పై ఏళ్లుంటాయేమో. నలభై నిమిషాలు ఒక్కో ఫైలూ తెరిచి చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "ఇది ఎవరు సెట్ చేశారండి?" అని అడిగింది.

"సర్వర్ సారు" అన్నాను.

"ఆయన ముందే అన్నీ సర్దిపెట్టుకున్నారు. పాత వెర్షన్ కాపీ ఒకటి పక్కన దాచారు. కొత్తదానిమీద లేవకపోతే పాతదానితో నడపమని చెప్తే చాలు. రెండు లైన్లు మార్చాలి. అంతే."

పాతది. ఆయన రెండో డబ్బా మీద గుచ్చి చూపించింది అది. పా అని మొదలుపెట్టి పాలు దగ్గరికి వెళ్లిపోయిన మాట అది. ఆ అమ్మాయి రెండు లైన్లు మార్చింది. తెరలన్నీ వెలిగాయి. పేర్లు, తేదీలు, పడని రక్తాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కార్యదర్శి మా సారు గదిలోనే కూర్చుని, ఫైలు తెప్పించుకుని, సారు రాసిన మూడు ఉత్తరాలు మళ్లీ చదివాడు. వాటిని మళ్లీ ఫైల్లో పెట్టి ఇంటికెళ్లిపోయాడు.

మరుసటి రోజు ఈ సంగతి చెప్పడానికి బొల్లారం వెళ్లాను. సార్, పాతది అని మీరు చెప్పింది మాకు అర్థం కాలేదు, ఇప్పుడు నడుస్తున్నది అన్నాను. ఆయన కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చారు. అంతటితో నేను లేచి రావాల్సింది. కానీ ఆయన ఎడమ చెయ్యెత్తి గోడ మీదున్న చర్చి క్యాలెండరు చూపించారు.

ఆంటీ తీసి ఒళ్లో పెట్టారు. ఆయన ఒక్కో కాగితం తిప్పుతూ పోయి, ఒక నెల దగ్గర ఆగారు. ఏ తేదీ మీదా వేలు పెట్టలేదు. మొత్తం నెల మీద అరచేయి పెట్టి నా వైపు చూశారు. "అదే" అన్నారు. మెల్లగా, జాగ్రత్తగా, నాకు బాగా వినబడాలన్నట్టుగా.

ఆ నెలలో ఇంకో అప్‌గ్రేడ్ ఉందా సార్ అని అడిగాను. అవునన్నట్టు తలూపి, వెంటనే కాదన్నట్టు ఊపారు. ఏదన్నా గడువు అయిపోతుందా అన్నాను. అదే. మనమేమన్నా చేయాల్నా, లేక ఏదన్నా చేయకుండా ఉండాల్నా అన్నాను. అదే, అదే. నుదుటి మీద చెమట పట్టింది. ఆంటీ తమ పెళ్లిరోజు ఆ నెల్లోనేనని, దాని గురించేమోనని అన్నారు. ఆయన ఆమె చేతిని మృదువుగా పక్కకు జరిపారు. ఎడమ చేతికి పెన్ను ఇస్తే ఈసారి గీత కూడా సరిగా రాలేదు. పావుగంట గడిచింది. ఆయన అలసిపోతున్నారు. ఆంటీ నా వైపు, ఇక చాలమ్మా అన్నట్టు చూశారు.

"అర్థమైంది సార్" అన్నాను.

ఆయన నా కళ్లలోకి చాలాసేపు చూశారు. తర్వాత క్యాలెండరు మూసి, నా వైపు జరిపి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. నేను బయటికొచ్చేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను. క్యాలెండరు ఊసు ఆయనా తేలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఇంజనీరు అమ్మాయికి చెబితే, ఒక శనివారం వచ్చి అంతా వెతికింది. తనకు కనిపించినంతలో ఆ నెలకు సంబంధించి ఏమీ లేదంది. ఆయనకు కనిపించింది తనకు కనిపించకపోయి ఉండొచ్చని కూడా అంది. ఆయన మెయిలు తెరిపించి అన్నీ చదివాం. అట్టలు మళ్లీ పరిచాం. ఆ నెల ఊసు ఎక్కడా లేదు.

సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నప్పుడు నేను ఆయన మాటలు వినలేదు. ఆ రోజు ఇంకో పావుగంట కూర్చుని ఉంటే ఏం అడిగి ఉండేదాన్నా అని వెతుకుతున్నాను. ఒక్క ప్రశ్న కూడా దొరకలేదు.

ఆయన అరచేయి పెట్టిన నెల వచ్చే సోమవారం మొదలవుతుంది. తెరలు మళ్లీ ఆగిపోయినా చేతిలో ఉండేలా, ఆ నెలలో రావాల్సిన పిల్లల వివరాలు ఒక్కొక్కరివిగా ప్రింటు తీస్తున్నాను. ఇప్పటికి సగం మంది అయ్యారు.